20 వేల లీటర్లు ఉచితం... అయినా క్యాన్ ఎందుకు?

హైదరాబాద్‌లో మీటరు బిగించుకుని, ఆధార్ అనుసంధానం చేసుకున్న ఇళ్లకు జలమండలి నెలకు 20 వేల లీటర్ల నీళ్లు ఉచితంగా ఇస్తోంది. అవే ఇళ్ల గుమ్మాల ముందు పొద్దున్నే 20 లీటర్ల క్యాన్ దిగుతోంది. రైలెక్కితే సీసా కొంటాం. పిల్లాడు నీరసపడితే మెడికల్ షాపులో పానీయం డబ్బా కొంటాం. చేతిలో ఉన్నది వదిలి, కొనుక్కుని తాగడం ఎందుకు?

భయంతోనే. నల్లా చాలా కాలనీల్లో రోజు విడిచి రోజు వస్తుంది. నీళ్లు సంపులో పడి, మోటారుతో ట్యాంకుకెక్కి, అక్కణ్నుంచి వంటింటికి చేరాలి. క్లోరిన్ కలిపి పంపినా, సంపు చివరిసారి ఎప్పుడు కడిగారో అపార్ట్‌మెంట్‌లో ఎవరికీ గుర్తుండదు. నల్గొండ, ప్రకాశం జిల్లాల వారికైతే ఈ భయం ఇంకా పాతది. ఫ్లోరైడ్ నీళ్లతో పళ్లు గారపట్టడం, ఎముకలు వంగిపోవడం వాళ్లు కళ్లారా చూశారు. కాబట్టి మనం కొంటున్నది నీళ్లతో పాటు ‘ఏమీ కాదులే’ అన్న ధీమా కూడా.

ఆ ధీమాకు ఆధారం ఉందా?

సీలు వేసిన సీసాకూ, వీధి చివరి ప్లాంటులో నింపిన క్యాన్‌కూ చాలా తేడా. సీసా మీద లైసెన్సు నంబరు, తయారీ తేదీ ఉంటాయి. చాలా క్యాన్ల మీద అవేవీ కనిపించవు. యంత్రం ఎంత మంచిదైనా, ఇల్లిల్లూ తిరిగొచ్చిన క్యాన్‌ను సరిగా కడగకపోతే లోపల పాచి పడుతుంది. ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2024 నవంబరులో ప్యాకేజ్డ్ నీటిని ఎక్కువ ముప్పున్న ఆహారాల జాబితాలో చేర్చింది. లైసెన్సున్న ప్లాంట్లకు తనిఖీలుంటాయి. లైసెన్సే లేని ప్లాంటు సంగతేంటి?

డబ్బా పానీయాల కథ ఇంకా చేదు. ‘ఓఆర్‌ఎస్’ పేరు పెట్టుకుని తీపి పానీయాలు ఏళ్లపాటు మందుల షాపుల్లో అమ్ముడుపోయాయి. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా పాటించని పానీయాల పేరులో ఆ మాట ఉండకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. ఆ ఫార్ములాలో లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములే. చక్కెర అంతకు మించి ఎక్కువైతే పేగుల్లోకి నీటిని లాగి విరేచనాలను పెంచుతుంది.

కొనే ముందు, తాగే ముందు...

* క్యాన్ మూతకు సీలు, లైసెన్సు నంబరు, తేదీ ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ప్లాంటు వాళ్లను అడగండి.
* సంపు, ట్యాంకు ఆర్నెల్లకోసారైనా కడిగించండి. నల్లా నీళ్లను కళపెళ మరిగేదాకా కాచి, చల్లార్చి తాగితే క్రిముల భయం ఉండదు.
* కాచినా ఫ్లోరైడ్ పోదు. బోరు నీళ్లయితే పరీక్ష చేయించండి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే దారే లేనప్పుడు 1.5 దాటకూడదు.
* విరేచనాలైతే అసలు ఓఆర్‌ఎస్ పొడినే కొనండి. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలో మొత్తం ఒకేసారి కలిపి, 24 గంటల్లోపు వాడేయండి.

డబ్బులిచ్చి కొన్నామన్న ధీమా ఒక్కటే చాలదు. మూత తీసే ముందు అర నిమిషం లేబుల్ చదవండి.