బడికి డాక్టరు ఏడాదికోసారి.. నర్సు ఎప్పుడు?

పావగడ: నాలుగో తరగతి పిల్ల మధ్యాహ్నం బడి గంట కొట్టే వేళకు "కండ్లు తిరుగుతాన్నాయి మేడం" అందనుకుందాం. ఆ మేడం మైసూరు వైపు నుంచి బదిలీపై వచ్చిన మనిషైతే, తెలుగు రాకపోతే, ఆమె చెవిన పడేది 'కన్ను' అన్న మాటే. కంటి చూపు తక్కువేమో అనుకుని ముందు బెంచీలో కూర్చోబెడుతుంది. పిల్ల చెప్పింది కంటి సంగతి కాదు, తల తిరుగుతోందని. పొద్దున తినకుండా వచ్చిందా, ఒంట్లో రక్తం తక్కువగా ఉందా, ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది.. అని పక్కన కూర్చుని అడగాల్సిన మనిషి బడిలో లేదు. తప్పు ఆ టీచరుది కాదు. ఆమె నేర్చుకున్నది పాఠం చెప్పడం. వైద్యం కాదు, తెలుగు అంతకన్నా కాదు.

తుమకూరు జిల్లాలో ఉన్నా దాదాపు నాలుగు వైపులా ఆంధ్ర గ్రామాలే చుట్టుకుని ఉన్న తాలూకా పావగడ. ఇక్కడా, చిక్కబళ్ళాపురం జిల్లా బాగేపల్లిలోనూ ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ మామూలే. పెద్దవాళ్ళు రెండు భాషల్లోనూ నెట్టుకొస్తారు. ఒకటో తరగతి పిల్లకు మాత్రం కడుపు నొప్పిని కన్నడలో చెప్పడం చేతకాదు. స్థానిక సిబ్బంది ఉన్నచోట ఇబ్బంది లేదు. బయటి నుంచి వచ్చిన వాళ్ళున్న చోటే చిక్కంతా. హోసూరు, పర్లాకిమిడి, రాయగడ, సిరోంచ వైపు తెలుగిళ్ళ పిల్లలకూ ఈ ఇబ్బంది కొత్త కాదు.

ఏడాదికి ఒక్కసారే

ప్రభుత్వం అసలేమీ చేయడం లేదంటే అన్యాయమే అవుతుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు తిరుగుతున్నాయి. ఒక్కో బృందంలో ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక ఏఎన్‌ఎం లేదా స్టాఫ్ నర్సు, ఒక ఫార్మసిస్టు ఉండాలి. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ, ఎయిడెడ్ బడికి ఒకసారి వెళ్ళాలి. పుట్టుకతో వచ్చే లోపాలు, జబ్బులు, పోషక లోపాలు, ఎదుగుదలలో ఆలస్యం.. ఈ నాలుగు పద్దుల కింద 30 రకాల సమస్యలను వెతకాలి. ఈ పరీక్షల వల్ల గుండె లోపాలు బయటపడి ఆపరేషన్లు చేయించుకున్న పిల్లలు ఉన్నారు. అది చిన్న మేలేమీ కాదు.

అయితే బృందం వచ్చేది ఒక్క రోజు. ఆ రోజు బడికి రాని పిల్ల సంగతి ఏమిటి? వచ్చి కూడా నోరు విప్పని పిల్ల సంగతి? పెద్దాసుపత్రికి చీటీ రాసిస్తే ఆ చీటీ ఇంటికి చేరిందా, కూలి పని మానుకుని తండ్రి తీసుకెళ్ళాడా అని వారం తర్వాత అడిగేదెవరు? కనిపెట్టడం వరకు బృందం పని. వెంటపడి చూసుకోవడం రోజూ దగ్గరుండే మనిషి పని. ఆ మనిషే ఇక్కడ లేదు.

భారమంతా టీచర్ల మీదే

ఆ ఖాళీని టీచర్లతో పూడ్చాలన్నది ఇప్పటి పద్ధతి. 2020 ఫిబ్రవరిలో ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ బడి ఆరోగ్య కార్యక్రమం ప్రకారం బడికి ఇద్దరు టీచర్లు, ఒక పురుషుడు, ఒక మహిళ, ఆరోగ్య రాయబారులుగా శిక్షణ పొంది వారానికో గంట ఆరోగ్య పాఠాలు చెప్పాలి. వారం వారం ఐరన్ మాత్రలు మింగించేదీ, ఆరు నెలలకోసారి నులిపురుగుల మాత్ర ఇచ్చేదీ వాళ్ళే. అయిదు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలకు గులాబి రంగు మాత్ర, ఆపై వయసు వాళ్ళకు నీలం రంగు మాత్ర.

మాత్ర మింగించడం ఒక పని, రక్తహీనతను తగ్గించడం మరో పని. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతోందని పక్కన పారేసే పిల్లలుంటారు. అన్నం తిన్నాక వేసుకో, మొదట్లో అలాగే ఉంటుంది, నల్లగా విరేచనం అయితే భయపడకు అని చెప్పి ఒప్పించేవాళ్ళుండాలి. నెలసరి సంగతులు మగ డాక్టరుకు, మగ టీచరుకు ఆడపిల్ల చెప్పదు గాక చెప్పదు.

కురుపాం చెప్పిన పాఠం

రోజూ చూసే కన్ను లేకపోతే ఏమవుతుందన్నది సరిహద్దు ప్రాంతాలకు తెలియని విషయం కాదు. 2025 అక్టోబరులో ఒడిశా సరిహద్దును ఆనుకుని ఉన్న పార్వతీపురం మన్యం జిల్లా కురుపాంలో గిరిజన బాలికల గురుకులంలో పచ్చకామెర్లు వ్యాపించాయి. పదుల సంఖ్యలో పిల్లలు ఆసుపత్రుల పాలయ్యారు. ఇద్దరు బాలికలు ప్రాణాలు కోల్పోయారు. గురుకులాల్లో, ఆశ్రమ పాఠశాలల్లో ఏఎన్‌ఎంలను పెట్టాలన్న డిమాండు ఆ తర్వాత మరింత గట్టిగా వినిపించింది. నర్సు ఉన్నంత మాత్రాన తాగునీరు శుభ్రమైపోదు. కానీ ఒకే వారంలో నలుగురు పిల్లలకు జ్వరం, వాంతులు వస్తే, కళ్ళు పచ్చబడితే.. ఇది ఒక్కొక్కరి జబ్బు కాదు, నీళ్ళు చూడాలి అని ముందుగా పసిగట్టేది శిక్షణ ఉన్న కన్నే.

బ్రిటన్‌లో ఎలా తయారు చేస్తారు

బడి నర్సు అనేది కొత్త ఆలోచన కాదు. లండన్‌లో 1890లలోనే బడులకు నర్సులను పంపడం మొదలైంది. న్యూయార్కులో 1902లో లినా రోజర్స్ అనే నర్సును నాలుగు బడుల్లో ప్రయోగంగా పెట్టారు. డాక్టర్లు పరీక్ష చేసి పిల్లలను ఇంటికి పంపేయడమే తప్ప చికిత్స అందేది కాదు. ఆమె ఇళ్ళకు వెళ్ళి తల్లులకు చెప్పి, చిన్న చిన్న జబ్బులకు బడిలోనే మందు వేసి, పిల్లలను తిరిగి తరగతికి చేర్చింది. ఫలితం చూసి అధికారులు ఇంకొందరు నర్సులను తీసుకున్నారు.

బ్రిటన్‌లో ఇప్పుడు మామూలు నర్సు నేరుగా స్పెషలిస్టు బడి నర్సు కాలేదు. ముందు నర్సుగానో మంత్రసానిగానో రిజిస్టరై ఉండాలి. ఆపైన సమాజ ప్రజారోగ్యంలో ప్రత్యేక కోర్సు చేయాలి. పూర్తికాలం చదివితే సుమారు ఏడాది. సగం విశ్వవిద్యాలయంలో, సగం బడుల్లో, ఇళ్ళలో అనుభవం ఉన్నవారి పర్యవేక్షణలో. ఈ స్పెషలిస్టుల కోసం 2004లో నర్సుల రిజిస్టరులో విడిగా ఒక భాగమే తెరిచారు. కోర్సు ప్రమాణాలను 2022లో కొత్తగా రాశారు.

ఆ కోర్సులో నేర్పేది కట్టు కట్టడం కాదు. ఒక ప్రాంతంలో పిల్లలకు ఏ జబ్బులు ఎందుకు ఎక్కువగా వస్తున్నాయో లెక్కలు చూసి తెలుసుకోవడం, ఇంట్లో దెబ్బలు తింటున్న పిల్లను గుర్తుపట్టడం, దిగులుతో ఉన్న పిల్లాడితో మాట్లాడటం, టీకాల పని నడపడం, తల్లిదండ్రులను, బడిని, ఆసుపత్రిని కలపడం నేర్పుతారు. ఇదే చదువు పావగడలో చెబితే మొదటి పాఠం నీళ్ళదే అవుతుంది. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. బోరు నీళ్ళలో అది దాటిన ఊళ్ళు ఈ తాలూకాలో ఉన్నాయి. పిల్లల పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు చూసి 'సరిగా తోముకోలేదు' అనేవాళ్ళకు, 'మీ ఇంట్లో ఏ నీళ్ళు తాగుతారు' అని అడిగేవాళ్ళకు తేడా శిక్షణలోనే ఉంది.

అలాగని బ్రిటన్‌ను నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. హైస్కూలు, దాని చుట్టూ ఉన్న ప్రాథమిక బడులకు కలిపి 2010 నాటికి ఒక అర్హత గల నర్సును ఇస్తామని అక్కడి ప్రభుత్వం 2004లో మాటిచ్చింది. అది నెరవేరలేదు. పైగా 2009 తర్వాత ఇంగ్లండులో బడి నర్సుల సంఖ్య బాగా తగ్గింది. కోర్సు ఉంటే చాలదు, పోస్టులు, జీతాలు ఉండాలన్నది అక్కడి అనుభవం.

మన దగ్గర ఆరు నెలల తోవ

మన దగ్గర ఏఎన్‌ఎం కోర్సు రెండేళ్ళు, జీఎన్‌ఎం మూడేళ్ళు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళు. బడి పిల్లల ఆరోగ్యం వీటి పాఠ్యాంశాల్లో ఒక భాగంగా వస్తుంది. పరీక్ష అయ్యాక ఆ చదువును వాడుకునే పోస్టే పావగడ లాంటి చోట పగటి బడుల్లో లేదు. దాంతో చదివిన ఆడపిల్లలు బెంగళూరు ప్రైవేటు ఆసుపత్రులకో, గల్ఫుకో, బ్రిటన్‌కో పోతున్నారు. బ్రిటన్ రిజిస్టరులో విదేశాల్లో చదివి వచ్చిన నర్సుల్లో భారతీయులు ముందువరుసలో ఉన్నారు. వాళ్ళ పిల్లలను చూసుకోవడానికి మన నర్సులు పనికొస్తున్నారు. మన పిల్లలకే దొరకడం లేదు.

దీనికి కొత్త దారి వెయ్యనక్కర్లేదు. 2018లో ఆయుష్మాన్ భారత్ వచ్చినప్పుడు ఉప కేంద్రాల్లో పనిచేసేందుకు జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్ళకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు పెట్టి సామాజిక ఆరోగ్య అధికారులుగా తీసుకున్నారు. ఇగ్నో వంటి సంస్థలు ఆ కోర్సు నడిపాయి. అదే పద్ధతిలో బడి ఆరోగ్యానికి ఒక కోర్సు పెట్టి, ఒక హైస్కూలు, దాని చుట్టూ ఉన్న ప్రాథమిక బడులను కలిపి ఒక నర్సుకు అప్పగించవచ్చు. ప్రతి బడికీ ఒకరు అంటే ఖజానా ఒప్పుకోదు. గుత్తికి ఒకరు అంటే ఆలోచించదగ్గదే.

భాషకు మార్కులేవి?

సరిహద్దు పిల్లకు ఇక్కడే మరో చిక్కు. హిందూపురంలోనో, అనంతపురంలోనో నర్సింగ్ చదివిన పావగడ అమ్మాయి సొంతూళ్ళో పని చేయాలంటే కర్ణాటక నర్సింగ్ కౌన్సిల్‌లో మళ్ళీ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. ప్రభుత్వ ఉద్యోగానికి కన్నడం వచ్చి ఉండాలి. రెండూ న్యాయమే. రాష్ట్ర భాష రాకుండా రికార్డులు రాయలేరు, పైవాళ్ళతో మాట్లాడలేరు. అయితే పిల్ల ఇంటి భాష తెలిసినందుకు మాత్రం ఒక్క మార్కు కూడా కలవదు. కన్నడం తప్పనిసరి చేస్తూనే, తెలుగిళ్ళు ఎక్కువగా ఉన్న బడుల గుత్తికి తెలుగు కూడా తెలిసినవాళ్ళకు మొదటి అవకాశం ఇస్తే ఎవరికీ నష్టం లేదు. ఒడిశా, తమిళనాడు, మహారాష్ట్ర సరిహద్దులకూ ఈ మాటే వర్తిస్తుంది. అటు ఆంధ్ర వైపు కన్నడ, ఒరియా ఇళ్ళ పిల్లలకు కూడా ఇదే న్యాయం జరగాలి.

బడి పిల్లల ఆరోగ్యంపై రేణుకా రే అధ్యక్షతన కేంద్రం వేసిన కమిటీ 1961లోనే నివేదిక ఇచ్చింది. అప్పుడు బడికెళ్ళిన వాళ్ళు ఇప్పుడు మనవళ్ళను బడికి పంపుతున్నారు. పథకాల పేర్లు మారాయి, మాత్రల రంగులు మారాయి. "ఏమ్మా, పొద్దున తిన్నావా?" అని పిల్ల భాషలో అడిగే మనిషి మాత్రం ఇంకా బడి గడప తొక్కలేదు. వచ్చే బడ్జెట్లలోనైనా సరిహద్దు తాలూకాల్లో ఒకటి రెండింటిని ఎంచుకుని మొదలుపెడితే, ఆ తర్వాత ఫలితమే మాట్లాడుతుంది.