వైన్ కూలర్‌కు గాలి దారి
హైదరాబాద్ కొత్త ఫ్లాట్లలో వైన్ కూలర్‌కు ముందు చోటు చూసి, గాలి సంగతి తర్వాత ఆలోచిస్తున్నారు. ఎన్ని సీసాలు పడతాయన్న దానికన్నా వేడి ఎటు పోతుందన్నదే ముందు తేల్చుకోవాలి. వైన్ నిల్వకు 12, 13 డిగ్రీలు కావాలి. మే నెలలో ఊరు 40 దాటుతుంది. పెద్దగా చప్పుడు చేయని థర్మోఎలక్ట్రిక్ రకం గది వేడికన్నా కొంత మేరకే దించగలదు, కాబట్టి ఇక్కడ కంప్రెసరే దిక్కు. అది అదురుతుందంటారు, ఆ సన్నని అదురుకన్నా నెలల తరబడి తగిలే వేడే వైన్‌కు ఎక్కువ చేటు. ఏసీ ఉందిగా అనేవాళ్లు, ఇంటికి తాళం వేసి ఊరెళ్లే వేసవి రోజుల్ని మరిచిపోతున్నారు. వెనక నుంచి వేడి వదిలే మోడల్‌ను చెక్క అరలో బిగిస్తే కంప్రెసర్ ఆగకుండా తిరిగి అరిగిపోతుంది. అరలో పెట్టేట్టయితే ముందువైపు గాలి వదిలేదే కొనండి. కొలతలు వడ్రంగి పని మొదలుపెట్టకముందే చేతికివ్వండి.