కోతకు ముందు కారణం అడగండి

అరవై దాటిన పురుషునికి రొమ్ములు పెరిగితే అతనికి రెండు మాటలు వినిపిస్తాయి. "ఈ వయసులో అందమెందుకు?" అని ఇంట్లోవారు కొట్టిపారేస్తారు. "ఉదయం రండి, సాయంత్రం ఇంటికి వెళ్లండి" అని ప్రకటనలు పిలుస్తాయి. ఈ రెండు మాటలూ తప్పేనని నా వాదన. ఎందుకు పెరిగాయన్న ప్రశ్న రెండింటిలోనూ లేదు.

వైద్యులు దీనిని గైనకోమాస్టియా అంటారు. వయసు పైబడేకొద్దీ టెస్టోస్టెరాన్ తగ్గుతుంది, కొవ్వు పెరుగుతుంది. కొవ్వులోని అరోమటేస్ అనే ఎంజైము టెస్టోస్టెరాన్‌లో కొంత భాగాన్ని ఈస్ట్రోజన్‌గా మారుస్తుంది. ఆ తూకం చెడినప్పుడు చనుమొన కింద గ్రంథి పెరుగుతుంది. 50 నుంచి 80 ఏళ్ల మధ్య ఇది తరచుగా కనిపించేదే. వెల్లకిలా పడుకొని రెండు పక్కల నుంచి వేళ్లతో చనుమొన వైపు నొక్కి చూడండి. రబ్బరు బిళ్లలాంటిది తగిలితే అది గ్రంథి కావచ్చు. అంతా మెత్తగానే ఉంటే కొవ్వు కావచ్చు. నిర్ధారణ మాత్రం వైద్యునిదే.

అయితే ప్రతి పెరుగుదలనూ వయసు ఖాతాలో వేయడం అన్యాయం. ముందు మీ మందుల డబ్బా తెరవండి. గుండె వైఫల్యానికి, కాలేయ వ్యాధితో పొట్టలో నీరు చేరినప్పుడు ఇచ్చే స్పైరనోలాక్టోన్, ప్రోస్టేట్ వాపునకు ఇచ్చే ఫినాస్టెరైడ్, డ్యుటాస్టెరైడ్, ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఇచ్చే బైకాలుటమైడ్ ఈ పెరుగుదలకు కారణం కాగలవు. కాలేయ సిరోసిస్, మూత్రపిండాల వైఫల్యం, థైరాయిడ్ అతిగా పనిచేయడం, అరుదుగా వృషణంలో కణితి కూడా కారణాలే. కారణం మందే అయితే వైద్యుడు దానిని మార్చగలడేమో చూస్తాడు. స్పైరనోలాక్టోన్‌కు బదులు ఎప్లెరినోన్ కొందరికి సరిపోతుంది. మీ అంతట మీరు మాత్రం ఏ మాత్రనూ మానకండి.

మరొక మాట. రొమ్ము క్యాన్సర్లలో సుమారు 1 శాతం పురుషులకే వస్తాయి; వచ్చేది ఎక్కువగా ఈ వయసులోనే. ఒకే వైపు గట్టి గడ్డ, చనుమొన లోపలికి లాగుకుపోవడం, రక్తపు చెమ్మ, చర్మం మీద పుండు, చంకలో బిళ్ల వీటిలో ఏది కనిపించినా సౌందర్య చికిత్సాలయానికి కాదు, నేరుగా శస్త్రవైద్యునికి చూపించుకోవాలి. మామోగ్రామ్, అవసరమైతే బయాప్సీ చేయకుండా కొవ్వు పీల్చివేయడం ప్రమాదకరం.

ఇవన్నీ తేలాక కూడా రొమ్ములు తగ్గలేదనుకోండి. పెరుగుదల మొదలై ఏడాది దాటితే కణజాలం నారలా గట్టిపడుతుంది. మందులతో తగ్గడం కష్టం. అప్పుడు శస్త్రచికిత్స కోరుకోవడంలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. మనవడి ఉపనయనంలో ఉత్తరీయంతో కూర్చోవడానికి, నదిలో స్నానానికి దిగడానికి సంకోచించే మనిషిని చూసి నవ్వే హక్కు ఎవరికీ లేదు. గౌరవంగా బ్రతకాలన్న కోరికకు వయోపరిమితి ఉండదు.

అయితే అది కోతే. రక్తం గడ్డకట్టి నిలవడం, నీరు చేరడం, చనుమొన స్పర్శ తగ్గడం, ఛాతీ గుంటపడటం జరగవచ్చు. వయసులో సాగిన చర్మం బిగుసుకోదు; అదనపు చర్మం తీయవలసి వస్తే మచ్చ పెద్దదవుతుంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి మందులు వాడేవారు గుండె వైద్యుని అనుమతి లేకుండా బల్ల ఎక్కకూడదు. సౌందర్య చికిత్సకు ఆరోగ్య బీమా సాధారణంగా వర్తించదు.

కనుక ఒప్పుకునే ముందు మూడు ప్రశ్నలు అడగండి. కారణం ఏమిటి? తీసిన కణజాలాన్ని పరీక్షకు పంపుతారా? తర్వాత ఇబ్బంది వస్తే చూసేది ఎవరు? మొదటి ప్రశ్నకు "వయసు" అని ఊరకే చెప్పి, రెండవదానికి నవ్వి, మూడవదానికి రసీదు చేతికిచ్చే చోట మీ శరీరాన్ని అప్పగించకండి.