నలుపెక్కిన హాలీ రూపాయి



పోయిన వారం దుండిగల్‌లో ఉపవాస కూడిక ముగిశాక మన యౌవనస్థుల్లో ఒక తమ్ముడు అందరూ వెళ్లేదాకా ఆగాడు. చేతిలో కవరు ఉంది. "అయ్యగారూ, దశమభాగం" అన్నాడు. అతనికి జీతం వచ్చే తారీఖు కాదు గనుక ఎక్కడిదని అడిగాం. పాత నాణేలు కొని, ఫోన్‌లో ఫొటోలు పెట్టి అమ్ముతున్నాడట. ఒక హాలీ రూపాయికి మంచి ధర వచ్చిందట. ఫొటో చూపించాడు. చార్మినార్ చుట్టూ బంగారు రంగు, ఊదా, నీలం, అచ్చం నెమలి మెడలా ఉంది. చాలా బాగుందన్నాం. అతను నవ్వి, "ఆ రంగు నేనే తెప్పించిన అయ్యగారూ. రెండు రోజుల పని" అన్నాడు. మా ముఖం చూసి వెంటనే, "రూపాయి అసలుదే, వెండి అసలుదే. రంగొక్కటే నాది. దీంట్ల మోసమేముంది?" అని అడిగాడు.

అక్కడికక్కడ మేము సరైన జవాబు ఇవ్వలేకపోయాం. ఈ వారమంతా ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. అతని అనుమతితోనే, పేరు చెప్పకుండా ఇక్కడ రాస్తున్నాం.

చిన్నవాళ్లకు హాలీ రూపాయి అంటే తెలియకపోవచ్చు. నిజాం రాజ్యానికి సొంత నాణెం ఉండేది. దాన్ని హాలీ సిక్కా అనేవారు. ఇంగ్లీషువాళ్ల రూపాయిని మన పెద్దవాళ్లు కల్దార్ అనేవారు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు వచ్చేవి. కల్దార్‌లో వెండి నూటికి 91.7 వంతులు, హాలీలో 81.8 వంతులు. హాలీ రూపాయి బరువు 11 గ్రాముల పైచిలుకు. 1903 నుంచి సైఫాబాద్ టంకశాలలో యంత్రాల మీద అచ్చువేశారు. ఆ భవనం ఇప్పటికీ ఉంది, 2022లో అందులో మ్యూజియం కూడా తెరిచారు, పిల్లలను తీసుకెళ్లి చూపించండి. నాణెం మీద చార్మినార్ ఉంటుంది. దాని గుమ్మంలో ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. మహబూబ్ అలీ ఖాన్ కాలపుదైతే మీమ్, 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్ కాలపుదైతే ఐన్. మన వైపు ఇళ్లల్లో సందూకల అడుగున, గుడ్డ మూటల్లో ఇవి ఇప్పటికీ దొరుకుతుంటాయి. దొరికినప్పుడు సాధారణంగా నల్లగానో, రంగు రంగులుగానో ఉంటాయి.

ఆ రంగును నాణేలు సేకరించేవాళ్లు టోనింగ్ అంటారు. గాలిలో కొద్దికొద్దిగా ఉండే గంధకపు వాయువు వెండిని తాకి, పైన ఒక పొర కడుతుంది. పొర ఎంత పలుచగా ఉంటుందంటే, దాని మందాన్ని బట్టి వెలుగు రంగు మారి కనిపిస్తుంది. వాననీళ్లలో డీజిల్ చుక్క పడితే రోడ్డు మీద కనిపించే రంగుల లెక్కే. మొదట లేత పసుపు, తర్వాత ముదురు బంగారు రంగు, ఊదా, నీలం, ఏళ్లు గడిచి పొర మందమయ్యేసరికి నలుపు. గుడ్డ మూటలోనో కాగితంలోనో పెట్టినదైతే ఎక్కువగా అంచు దగ్గర మొదలై లోపలికి నెమ్మదిగా పాకుతుంది. దీనికి పదేళ్లు పట్టవచ్చు, యాభై ఏళ్లూ పట్టవచ్చు.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మేము ఎన్నో ప్రసంగాల్లో నల్లబడిన వెండిని పాపానికి పోలికగా చెప్పాం. మలాకీ 3వ అధ్యాయంలో ప్రభువు వెండిని శోధించి నిర్మలము చేయువానివలె కూర్చుంటాడని ఉంది కదా, ఆ మాట పట్టుకుని చెప్పాం. అది సరికాదు. అక్కడ కరిగించి తీసేది మష్టు. మష్టు వెండి లోపల కలిసిపోయిన పరాయి పదార్థం. పైనున్న నలుపు పరాయిది కాదు, గాలి తగిలి మారిన ఆ వెండే. దాన్ని తోమితే పోయేది మురికి కాదు, వెండి.

ఈ సంగతి మాకు పుస్తకం చదివి తెలియలేదు. కొన్నేళ్ల కింద కోత పండుగకు మన సంఘంలోని ఒక అవ్వ తన తల్లి నాటి హాలీ రూపాయి కానుకగా ఇచ్చింది. నల్లగా ఉంది. దేవునికి ఇచ్చింది మెరవాలి కదా అని చింతపండు, బూడిద, కొబ్బరి పీచు పెట్టి మేమే తోమాం. తళతళలాడింది. తర్వాత నాణేల సంగతి తెలిసిన ఒక పెద్దమనిషి భూతద్దం పెట్టి చూసి, ఒళ్లంతా సన్నని గీతలు పడ్డాయని, ఇక దీనికి వెండి బరువు ధరే వస్తుందని చెప్పాడు. అదీ సరే. అవ్వకు చూపిస్తే చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "ఇది నాదేనా అయ్యా?" అని అడిగింది. ఆ రోజు మా దగ్గర మాట లేదు.

కాబట్టి తమ్ముడిని నిలదీసే అర్హత మాకు అంతగా లేదు. మేము గడిచిన కాలాన్ని తుడిచేశాం, అతను గడవని కాలాన్ని పులిమాడు.

ఎలా పులుముతారో అతనే చెప్పాడు. ఎవరూ చేయకూడదు గనుక ఆ వివరాలు రాయం. గంధకం, వేడి ఉంటే ఏళ్ల పని రోజుల్లో అవుతుందని మాత్రం తెలుసుకోండి. కొనేవాళ్లు వీటిని గమనించాలి. సహజమైన రంగు ఒకదాని నుంచి ఇంకోదానిలోకి వరుస తప్పకుండా కలిసిపోతుంది. పెట్టిన రంగు మధ్యలో వరుస తెగి, మచ్చలు మచ్చలుగా, కొన్నిసార్లు మరీ గాఢంగా ఉంటుంది. ముందే తోమిన నాణేనికి పెడితే గీతల్లోకి కూడా రంగు దిగిపోయి ఉంటుంది. అరిగిపోయిన రూపాయి మీద కొత్తగా మెరిసే నీలం కనిపిస్తే అనుమానించాల్సిందే. అయినా అనుభవజ్ఞులు కూడా మోసపోతారు. అమెరికాలో నాణేలను పరీక్షించి గ్రేడు ఇచ్చే పెద్ద సంస్థ పీసీజీఎస్‌కు రంగు మీద అనుమానం వస్తే మామూలు గ్రేడు ఇవ్వదు. నాణెం అసలుదే, రంగు మాత్రం సందేహం అని రాసిస్తుంది. మా తమ్ముడి వాదనకు లోకమే ఇచ్చిన జవాబు అది.

వాక్యం ఇచ్చే జవాబు యెహోషువ 9వ అధ్యాయంలో ఉంది. గిబియోనువారు పాత గోనెలు, చినిగి కుట్టిన ద్రాక్షారసపు సిద్దెలు, అతుకుల చెప్పులు, ఎండి బూజుపట్టిన రొట్టెలతో వచ్చారు. ఆ గోనె నిజం గోనే, ఆ రొట్టె నిజం రొట్టే. ఏ వస్తువూ నకిలీది కాదు. అబద్ధమంతా తాము నడిచి వచ్చిన దూరం గురించే. ఎంతో దూర దేశం నుంచి వచ్చామన్నారు. మూడు రోజుల తర్వాత తెలిసింది, పక్క ఊరివాళ్లేనని. వస్తువు అసలుదైతే చాలదని మేము చెప్పేది ఇందుకే. నెమలి రంగు రూపాయికి ఎక్కువ ధర ఇచ్చినవాడు వెండికి ఇవ్వలేదు. ఎవరో తల్లి సందూకలో అది పడి ఉన్న ఏళ్లకు ఇచ్చాడు. ఆ ఏళ్లు లేవు. లేవీయకాండము 19లో న్యాయమైన తూకపు రాళ్లు ఉండాలన్న ఆజ్ఞ కాలాన్ని తూచి అమ్మేవాడికి కూడా వర్తిస్తుందని మా నమ్మకం.

(సాక్ష్యాలు చెప్పేటప్పుడు మేమూ, మా తోటి సేవకులూ ఉపవాస దినాల లెక్కకు ఒకటో రెండో కలపడం కూడా ఇదే జాతిదని రాయడానికి కొంచెం సిగ్గుగా ఉంది. అయినా రాస్తున్నాం.)

కావాలనే రూపాయిని ఏళ్ల తరబడి కాగితం కవరులో పెట్టి రంగు కోసం ఎదురుచూసేవాళ్లూ ఉన్నారు. వాళ్ల సంగతేమిటని తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్నే. మాకు అందులో అంత తప్పు కనిపించదు, అక్కడ కాలం నిజంగానే గడిచింది. గీత ఎక్కడ గీయాలో అని మేము ఎక్కువ తర్కించలేదు. అతన్ని ఒక్కటే అడిగాం: "ఈ రంగు నేను పెట్టిందని ఫొటో కింద రాసి అమ్ముతావా?" రాస్తే తప్పేమీ లేదు, నగకు మెరుగు పెట్టినట్టే. అతను కొంతసేపు ఆలోచించి, "అట్ల రాస్తే ఎవరు కొంటరు అయ్యగారూ?" అన్నాడు. ఆ మాట అన్నాక తనే తల వంచుకున్నాడు. మేము ఇంకేమీ అనలేదు.

మీ ఇళ్లల్లో ఇలాంటి రూపాయలుంటే తోమకండి. రబ్బరు బ్యాండు వేయకండి, రబ్బరులోని గంధకానికి నల్లటి చార పడుతుంది. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో కొన్ని జిగురుగా పచ్చటి మరక పెడతాయి, అవీ వద్దు. అంచు పట్టుకుని తీయండి. పిల్లలకు చూపించి, ఎవరిదో చెప్పండి.

తమ్ముడు కొన్నాయనకు మొన్న నిజం రాసి పంపాడు. డబ్బు తిరిగి ఇస్తాను, నాణెం పంపండి అని అడిగాడు. ఇంకా జవాబు రాలేదు. డబ్బులో కొంత అప్పటికే ఇంటి ఖర్చయిపోయింది గనుక అతనికి భయంగానే ఉంది. అతను ఇచ్చిన కవరు లెక్కించలేదు. విప్పకుండా ప్రభురాత్రి భోజనపు గిన్నెలుండే బీరువాలో, అవ్వ రూపాయి పక్కన పెట్టాం. కొన్నాయన డబ్బు అడిగితే దాన్ని కూడా కలిపి ఇచ్చేస్తాం. ఈ ఆదివారం ప్రార్థనలో అతన్ని జ్ఞాపకం చేసుకోండి.