పోయే హక్కు లేదు సరే, ఉన్నోళ్ల మాట ఇనేదెవరు?

పన్నుల వాటా మీద లొల్లి లేసినా, ఎంపీ సీట్ల పునర్విభజన ముచ్చట వచ్చినా వాట్సప్ గ్రూపుల ఒక మాట తిరుగుతది: ‘గిట్లయితే దక్షిణాది వేరే దేశం గావాలె.’ 2024 ఫిబ్రవరిల మధ్యంతర బడ్జెట్ పెట్టిన్నాడే కర్ణాటక ఎంపీ డీకే సురేశ్ గసొంటి మాటే అంటే, పార్లమెంటుల పెద్ద దుమారం లేసింది. ఇంతకు మన రాజ్యాంగం ప్రకారం ఒక రాష్ట్రం దేశంలకెళ్లి బయటికి పోవచ్చునా?

పోరాదు. మొదటి ఆర్టికల్‌లనే ఇండియా ‘రాష్ట్రాల యూనియన్’ అని ఉన్నది. ఆ మాట ఎందుకు పెట్టిన్రో 1948 నవంబరు 4న రాజ్యాంగ సభల అంబేడ్కర్ చెప్పిండు. రాష్ట్రాలు ఒప్పందం రాసుకొని కలిస్తే ఏర్పడ్డ దేశం గాదిది, అందుకే విడిపోయే హక్కు ఏ రాష్ట్రానికీ లేదని. అప్పటికి మన హైదరాబాద్‌ల పోలీసు చర్య అయి రెండు నెలలు గూడ నిండలే.

1962ల అన్నాదురై రాజ్యసభల ద్రావిడనాడు కావాలని అడిగిండు. మరుసటేడు 16వ సవరణ వచ్చింది. దేశ సమగ్రత పేరు మీద మాటకు, సభకు, సంఘానికి హద్దులు పెట్టొచ్చన్నరు. అసెంబ్లీకి, పార్లమెంటుకు పోటీ చేసేటోళ్లు గూడ దేశ సమగ్రతను కాపాడుతమని ప్రమాణం చెయ్యాలన్నరు. డీఎంకే ఆ డిమాండును పక్కన పెట్టింది. పెట్టి ఏం పోగొట్టుకున్నది? 1967ల గద్దెనెక్కింది. 1969ల మద్రాసు రాష్ట్రం పేరు తమిళనాడు అయింది.

ఇక్కడ ఒక సంగతి తేటగ చెప్పాలె. తెలంగాణ ఉద్యమం నాడు మనల్ని ‘వేర్పాటువాదులు’ అన్నోళ్లు శానమంది. ఇప్పటికీ ఆ మాట ఇంటే నాకు కడుపుల మండుతది. మనం అడిగింది అన్నదమ్ములు వేరుపడ్డట్టు వేరుపడుడు, ఊరిడిసి పోవుడు గాదు. దానికి ఆర్టికల్ 3 ఉన్నది. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ బిల్లు వద్దన్నది. అయినా ఫిబ్రవరిల పార్లమెంటు పాస్ చేసింది. అసెంబ్లీని అడగాలె గని, ఆ అసెంబ్లీ చెప్పింది ఇనాల్నని లేదు.

గదే ఆర్టికల్‌తోని 2019ల జమ్మూకశ్మీర్‌ను రెండు కేంద్రపాలిత ప్రాంతాలు చేసిన్రు. అప్పుడు ఆడ రాష్ట్రపతి పాలన, అడగనీకి అసెంబ్లీయే లేదు. అంటే రాష్ట్రం ఢిల్లీని ఇడిసిపెట్టరాదు గని, ఢిల్లీ రాష్ట్రాన్ని చింపొచ్చు, తగ్గియ్యొచ్చు. మనకు అక్కరకొచ్చిన కత్తే కదా అని ఊకుందామా?

రాజ్యాంగంల హక్కు రాసినంత మాత్రాన పని అయితదా అంటే అదీ లేదు. ఇథియోపియా 39వ ఆర్టికల్‌ల విడిపోయే హక్కు సాఫ్‌గ రాసున్నది. అయినా 2020 నుంచి రెండేండ్లు టిగ్రేల ఘోరమైన యుద్ధం నడిచింది.

నాకు నచ్చింది కెనడా తీరు. 1995ల క్యుబెక్‌ల ఓటింగు పెడితే వేరుపడొద్దన్నోళ్లు 50.58 శాతం. ఒక్క శాతం అటుఇటైతే కథ మారేది. తర్వాత 1998ల వాళ్ల సుప్రీంకోర్టు రెండు ముక్కలు చెప్పింది. సొంతంగ లేసిపోయే హక్కు క్యుబెక్‌కు లేదు. గని సూటి ప్రశ్నకు జనం స్పష్టంగ ‘పోతం’ అంటే, మిగిలినోళ్లు కూసోని మాట్లాడాల్సిందే, మాకు పట్టదు అనరాదు.

మన దగ్గర లేనిది గీ రెండో ముక్కనే. విడిపోయే ముచ్చట ఇడిసిపెట్టుండ్రి, రోజువారీ పంచాదులు తెంపుకోనీకి ఎక్కడ కూసుంటం? జీఎస్టీ కౌన్సిల్‌ల కేంద్రం ఓటు బరువు మూడోవంతు, ఏ నిర్ణయానికైనా నాల్గింట మూడొంతులు గావాలె. దేశంల రాష్ట్రాలన్నీ ఒక్కటైనా కేంద్రం వద్దంటే ఏదీ కాదు. ఇగ అన్ని పంచాదులు మాట్లాడుకోనీకి అంతర్రాష్ట్ర మండలి అని ఒకటున్నది, ఆర్టికల్ 263 కింద 1990ల పెట్టిన్రు. 2016 జూలైల పదకొండోసారి కూసున్నది. ఆ తర్వాత నోట్ల రద్దు వచ్చింది, జీఎస్టీ వచ్చింది, కరోనా వచ్చింది. ఆ మండలిని మాత్రం ఏండ్లకేండ్లు మల్ల పిలిసినోడు లేడు.