రక్తం లెక్కలు సరే, గుండె సంగతేమిటి?

వంశపారంపర్య రక్తవ్యాధుల మాట ఎత్తగానే మన దగ్గర చర్చ పెళ్ళి దగ్గరికి వెళ్ళిపోతుంది. మేనరికం చేసుకున్నారా? పెళ్ళికి ముందు రక్తపరీక్ష చేయించలేదా? కడుపుతో ఉన్నప్పుడు చూపించుకోలేదా? ఈ ప్రశ్నలన్నీ చివరికి తల్లి మీదికే వస్తాయి. తలసీమియా మేజర్ గానీ, సికిల్ సెల్ ఎనీమియా గానీ బిడ్డకు రావాలంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా లోపమున్న జన్యువు అందాలి. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నూటికి ఇరవై అయిదు. జన్యువుల్లో తండ్రిది సగం వాటా. నిందలో మాత్రం ఆయనకి వాటా ఉండదు.

ఈ బిడ్డలు పుట్టకుండా చూడడం గురించి ఇంత మాట్లాడే సమాజం, పుట్టినవాళ్ళు దేనివల్ల చనిపోతున్నారో ఎందుకు అడగదు?

తలసీమియా మేజర్‌లో ప్రాణాలు తీసిన కారణాల్లో చాలాకాలం మొదటి స్థానం గుండెజబ్బుదే. బతకాలంటే రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించుకోవాలి. ఒక్కో రక్తం సంచీతో సుమారు 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లో చేరుతుంది. రోజుకి ఒకటి రెండు మిల్లీగ్రాములకి మించి ఇనుమును బయటికి పంపే ఏర్పాటు మనిషి శరీరానికి లేదు. మిగిలినది కాలేయంలో, గ్రంథుల్లో, గుండె కండరంలో పేరుకుంటుంది. గుండె లయ తప్పుతుంది, కండరం బలహీనపడుతుంది. ప్రాణం నిలిపే రక్తమే, ఇనుమును తీసే మందు సరిగా అందకపోతే ప్రాణం తీస్తుంది.

ఇది ఆపలేని విధి కాదు. గుండెలో ఎంత ఇనుము చేరిందో చెప్పే ‘టీ2 స్టార్’ అనే ఎమ్మారై పద్ధతిని లండన్ వైద్యులు 2001లో ప్రచురించారు. మామూలుగా చేసే ఫెరిటిన్ రక్తపరీక్షను నమ్ముకుంటే గుండె సంగతి తెలియకపోవచ్చు. ఫెరిటిన్ పర్వాలేదనిపించినా గుండెలో ఇనుము ఉండవచ్చు. ముందే కనిపెట్టి మందు పెంచితే గుండె చాలావరకు కోలుకుంటుంది. ఈ పరీక్షా, మెరుగైన మందులూ అందుబాటులోకి వచ్చాక బ్రిటన్‌లో ఈ మరణాలు బాగా తగ్గాయి. అంటే ఇప్పుడు జరుగుతున్న మరణాల్లో చాలావాటికి జన్యువును తప్పుపట్టి ఊరుకోలేం.

సికిల్ సెల్‌లో దాడి రక్తనాళాల మీద. కొడవలిలా వంగిన కణాలు నాళాలకు అడ్డం పడతాయి. పసివాళ్ళకి పక్షవాతం వస్తుంది, పెద్దవాళ్ళలో కొందరికి ఊపిరితిత్తుల నాళాల్లో పీడనం పెరిగి గుండె కుడిభాగం అలిసిపోతుంది. ఈ కణాల గురించి 1910లో తొలిసారి వైద్యపత్రికలో రాసిన షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్, 1912లో గుండెపోటు లక్షణాల గురించి ప్రసిద్ధమైన వ్యాసం రాశాడు. 1910 నాటి ఆయన రోగి, గ్రెనడా నుంచి వచ్చిన నల్లజాతి విద్యార్థి, చెప్పుకున్న బాధల్లో గుండెదడా ఆయాసమూ ఉన్నాయి. ఆ తర్వాత గుండెపోటు వైద్యానికి ప్రపంచమంతటా పెద్ద ఆసుపత్రులు లేచాయి. నల్లజాతివాళ్ళ జబ్బుగా, మన దగ్గర ఆదివాసుల జబ్బుగా ముద్రపడిన సికిల్ సెల్ దశాబ్దాలపాటు ఎవరికీ పట్టలేదు. ఏ గుండెకు విలువ ఉంటుందో జాతీ వర్గమూ నిర్ణయించాయి.

ఇక ఈ గుండెను రోజూ కాపాడే చాకిరీ ఎవరిది? డెస్ఫెరాల్ ఒక్కటే దిక్కుగా ఉన్న రోజుల్లో బిడ్డ పొట్ట చర్మం కింద సూది గుచ్చి, పంపు తగిలించి, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు మందు ఎక్కించాలి. వారంలో అయిదారు రాత్రులు ఇదే పని. ఇప్పుడు మాత్రలు వచ్చాయి. అయినా మాత్ర వేయించడం, దాత కోసం ఫోన్లు చేయడం, రక్తం ఎక్కే రోజు కూలి మానుకుని మంచం పక్కన కూర్చోవడం ఎక్కువగా తల్లి పనే. ఆసుపత్రి నర్సు చేస్తే జీతమున్న పని. అదే తల్లి చేస్తే మాతృత్వం. ఇంటిచాకిరీకి విలువ కట్టమని ఇన్నేళ్ళుగా వాదిస్తున్న మనం ఈ చాకిరీని ఏ లెక్కలో రాశాం?

ఆడవాళ్ళ గుండెలే ఎక్కువ పాడవుతాయని నేననడం లేదు. జబ్బు ఒకటే అయినా ఆడపిల్ల దాన్ని మోసే తీరు వేరు అంటున్నాను. ఇనుము పిట్యూటరీ గ్రంథిని దెబ్బతీస్తే రజస్వల కావడం ఆలస్యమవుతుంది, కొందరు అసలే కారు. చుట్టాలు అడిగేది దాని గురించే, గుండె గురించి ఎవరూ అడగరు. పెళ్ళి చెడుతుందని జబ్బును దాచమంటారు. దాచిన జబ్బుకి అత్తవారింట్లో మందు వేసుకోవడం కూడా దొంగతనమే అవుతుంది. గర్భిణికి రక్తం పరిమాణం దాదాపు సగం దాకా పెరుగుతుంది, గుండెకి పని పెరుగుతుంది. ఆ గుండె దానికి సిద్ధంగా ఉందా అని గర్భానికి ముందే చూడాలి. కోడలికి కడుపు పండాలని తొందరపడే ఇంట్లో ఆ పరీక్ష ఎవరు అడుగుతారు?

రాజ్యం తీరూ ఇంతే. 2023 జూలైలో కేంద్రం జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభించింది. 2047 నాటికి నిర్మూలన లక్ష్యం, ఏడుకోట్ల మందికి పరీక్షలు, జన్యుస్థితి రాసిన కార్డులు. కాగితం మీద చికిత్స మాట కూడా ఉంది. కానీ ప్రచారమంతా కార్డులు చూసుకుని పెళ్ళిళ్ళు చేసుకోమనే. ‘నిర్మూలన’ అన్న మాట వ్యాధితో బతుకుతున్న కోయపిల్లకి, గోండుపిల్లకి ఎలా వినిపిస్తుందో ఆలోచించామా? తలసీమియా, సికిల్ సెల్, హీమోఫిలియాలను 2016 వికలాంగుల హక్కుల చట్టంలో చేర్చారు. హక్కులున్న మనుషులని చట్టం ఒప్పుకుంది. ప్రచారం మాత్రం వాళ్ళని రాకుండా ఆపాల్సిన పొరపాటుగానే చూస్తోంది.

పరీక్షలు వద్దంటారా అని అడగొచ్చు. వద్దనను. తెలుసుకునే హక్కు, గర్భం ఉంచుకునే హక్కు, వద్దనుకునే హక్కు మూడూ స్త్రీవే. కానీ పరీక్ష ముందు గర్భిణికి చేసి, ఆమె వాహకురాలని తేలాకే భర్తని పిలిచే పద్ధతిలో, ఆయన వచ్చేలోపే ఆమె మీద ముద్ర పడిపోతుంది. ఇద్దరికీ ఒకేసారి చేస్తే ఖర్చెక్కువంటారు. ఆదా అయిన ఆ ఖర్చుని ఆమే కదా కడుతున్నది.

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. రక్తం ఎక్కించుకునే ప్రతి మనిషికీ పదేళ్ళ వయసు నుంచి గుండె ఎమ్మారై, ఎకో పరీక్ష ఉచితంగా జరగాలి, దారిఖర్చు ప్రభుత్వం పెట్టుకోవాలి. సికిల్ సెల్ ఉన్న పిల్లలకి మెదడు రక్తనాళాల డాప్లర్ పరీక్ష ఏజెన్సీ ప్రాంతాల్లోనే జరగాలి. ఆ పరీక్షలో ప్రమాదం కనిపించిన పిల్లలకి క్రమంగా రక్తం ఎక్కిస్తే పక్షవాతం చాలావరకు ఆగుతుందని 1998లోనే రుజువైంది. పక్కన కూర్చునే తల్లికి ఆ రోజు కూలి ఇవ్వాలి.

రచయిత్రులుగా మనకీ ఇందులో పని ఉంది. గర్భసంచి గురించి, ప్రసవం గురించి రాయడానికి పోరాడి చోటు తెచ్చుకున్నాం. గుండె మాత్రం మన కథల్లో ఇప్పటికీ ప్రేమకో దుఃఖానికో పోలికగానే ఉంది. ఇనుముతో బరువెక్కే కండరంగా, వైద్యం అందాల్సిన అవయవంగా దాన్ని రాయాలి. ఈ జబ్బుతో బతుకుతున్న స్త్రీలు తామే రాస్తే ముందు వాళ్ళకే పేజీలు ఇవ్వాలి.