అడ్డపొగ

శ్రీకాకుళము మొదలు విశాఖపట్టణము వరకు గల తీరప్రాంతపు పల్లెలలో తిరిగినవారికి ఒక దృశ్యము చిరపరిచితము. వయసు మీరిన యిల్లాలు చేనిగట్టున కూర్చుండియో, చేపలగంప దింపుకొనియో చుట్ట ముట్టించును. ముట్టించి, నిప్పుకొనను నోటిలోనికి త్రిప్పుకొని పెదవులు మూయును. దీనినే అడ్డపొగ యందురు. పరదేశి చూచి విస్తుపోవును. మనము చూచి నవ్వి యూరకుందుము. ఆ నవ్వు మనకు తగునా యని ప్రశ్నించుకొనుట యవసరము.

ఈ యలవాటునకు కారణములు లేకపోలేదు. నిప్పు నోటిలోనుండుటచే సముద్రపుగాలికి చుట్ట ఆరిపోదు. బూడిద వంటలోనో చంటిబిడ్డపైననో రాలదు. పెద్దలయెదుట నిప్పు కనబడదు. తల్లిని చూచి కూతురు నేర్చినది. కూతురిని చూచి మనుమరాలు నేర్చినది. మన దేశమున స్త్రీలలో పొగత్రాగుట మిక్కిలి అరుదు. 2016-17 నాటి జాతీయ సర్వేక్షణమున నూటికి ఇద్దరు మాత్రమే తేలిరి. అట్టి దేశమున, ఈ తీరప్రాంతమున మాత్రము అడ్డపొగకు పురుషులకంటె స్త్రీలే హెచ్చుగా లోబడియుండుట మన ప్రత్యేకదౌర్భాగ్యము.

సాధారణముగా చుట్ట త్రాగువారికి గట్టి అంగిట రాచపుండు పుట్టుట అరుదు. అడ్డపొగ త్రాగువారికి అంగిలియే ప్రమాదస్థానము. ఏలయన నిప్పుసెగయు, పొగలోని విషపదార్థములును తిన్నగా దానికే తగులును. డెన్మార్కు దేశీయుడగు పిండ్‌బోర్గు, మన దేశీయుడగు ఫాలీ మెహతా ప్రభృతులు నాటి శ్రీకాకుళము జిల్లాలో ఇంటింటికి పోయి 10,169 మంది గ్రామస్థుల నోళ్లను పరీక్షించి, 1971లో తమ ఫలితములను ప్రకటించిరి. అంగిటి తెల్లమచ్చలును పుండ్లును ఎవరియందు విశేషముగా కనబడినవో చెప్పనక్కరలేదు.

ఈ వ్యాధి మొదట నొప్పి పుట్టింపదు, అందుచేతనే మోసగించును. తెల్లనిపొరయో ఎఱ్ఱనిమచ్చయో కొన్నియేండ్లు అట్లేయుండి, కొందరియందు రాచపుండుగా మారును. ఆదియందే కనిపెట్టినచో చికిత్సకు లొంగును. ముదిరిన పిదప అంగిలినే కోసివేయవలసివచ్చును. అప్పుడు త్రాగిన గంజి ముక్కునుండి వచ్చును; మాట ముక్కుతో పలుకునదై పరులకు తెలియదు; కృత్రిమమైన పలక అమర్చిననే గాని ముద్ద దిగదు. కూలిచేసి యింటిని నిలిపిన స్త్రీ మంచము పట్టగా ఆమె కూలియు పోవును, ఆమెను ఆసుపత్రికి త్రిప్పువాని కూలియు పోవును. మిగిలినది తాకట్టు పాలగును. గర్భవతి పొగత్రాగినచో శిశువు తక్కువ బరువుతో పుట్టుటయు, మృతశిశువు జనించుటయు సంభవించును. ఊపిరితిత్తులకును గుండెకును కలుగు హాని సరేసరి.

పట్టణమున ఒక యువతి సిగరెట్టు ముట్టించినచో ధర్మము నశించినదని కలవరపడు పెద్దలు, తమ చేలో కలుపుతీయు ముసలమ్మ నోట నిప్పు పెట్టుకొనుటను గమనింపనైన గమనింపరు. ఇది మర్యాదకు సంబంధించిన విషయము కాదు, ప్రాణమునకు సంబంధించినది. యువతిని నిందించుటచే ఆమె ఊపిరితిత్తులు బాగుపడవు. ముసలమ్మను ఉపేక్షించుటచే ఆమె అంగిలి నిలువదు.

పొగాకు మన రైతునకు ధనమిచ్చిన పంట. 1947లో రాజమహేంద్రవరమున పరిశోధనాలయమును, 1976లో గుంటూరున బోర్డును ఆ పంటకొరకు వెలసినవి. ఆకునకు ఇంత యాదరము చూపిన మనము, ఆకు కాల్చిన నోటికేమి చేసితిమి? 2016 మొదలు సిగరెట్టుపెట్టెపై నూటికి 85 వంతుల స్థలమును హెచ్చరిక బొమ్మ ఆక్రమించినది. మంచిదే. కాని ఆకు కొని తానే చుట్ట చుట్టుకొను స్త్రీకి పెట్టెయు లేదు, బొమ్మయు లేదు.

ఆమె చెప్పిన వినదనుట అసత్యము. శ్రీకాకుళము, ఎర్నాకుళము, భావనగరము జిల్లాలలో 36,000 మంది పొగాకు వాడుకదారులను ఎన్నుకొని, వారిని మాన్పించుటకై ముఖాముఖి బోధన సాగించిరి. ఆ ఫలితములు 1986లో లాన్సెట్టు పత్రికయందు వెలువడినవి. బోధన పొందినవారిలో మానినవారును తగ్గించినవారును హెచ్చిరి. నోటిలో కొత్తగా మచ్చలు పుట్టుటయు తగ్గెను. కత్తియు మందును చేరకమున్నే మాట కొంత పని చేసినది.

ఆ మాట చెప్పవలసినవారెవరు? పనివారికి చుట్టలు పంచు వాడుకగల భూస్వామి ఆ వాడుక మానవలెను. పురప్రముఖులు దంతవైద్యులను వెంటబెట్టుకొని పల్లెలకు పోయి, సంవత్సరమునకొక్కమారైనను ఆడవారి నోళ్లను పరీక్షింపజేయవలెను. ఆశాకార్యకర్తలకు అంగిటి మచ్చను గుర్తించు శిక్షణను ప్రభుత్వమొసగవలెను. గ్రామములోని యువతులు తమ నాయనమ్మల చుట్టను చూచి నేర్వకుండుటకు బడియే మార్గము. పరపీడన తొలగిన దేశమున మన తల్లుల నోటిలోని నిప్పును ఆర్పలేకపోవుట మనకు తీరని లోపము.